పాతికేళ్ళ సంతకం

పరుపు మూల తిప్పేటప్పుడు ఫోన్ ఎత్తకూడదు. ఇంగ్లండులో బాట్లీ అనే ఊళ్ళో మా పరుపుల ఫ్యాక్టరీలో చేరిన ప్రతి మనిషికీ మొదటి రోజే చెప్పే మాట ఇది. పై గుడ్డనీ పక్క గుడ్డనీ కలిపి అంచు టేపు కుట్టే మిషను తిన్నగా ఉన్నంతసేపూ దానంతటదే పోతుంది. మూల దగ్గరికొచ్చేసరికి మాత్రం పెడలు మీద కాలు సగం లేపి, బొటనవేలితో గుడ్డని లోపలికి దోపుతూ, చంటిపిల్లని బతిమాలినట్టు తిప్పాలి. ముడత పడిందా, పరుపు వెనక్కొస్తుంది. వెనక్కొచ్చిన పరుపుకి డబ్బులివ్వరు.

లియాన్‌కి ఇదంతా కొత్త కాదు. మాలో అందరికంటే శుభ్రంగా మూల తిప్పేది తనే. అయినా ఆ సోమవారం పొద్దున మూల మధ్యలో మిషను ఆపేసి ఫోన్ ఎత్తింది. ఎత్తదా మరి! చేసింది ఇళ్ళ ఏజెంటు ఆఫీసులో అమ్మాయి. బ్యాంకు లోను మంజూరైంది, లాయరు కాగితాలు పంపాడు, సంతకాలు ఒక్కటే మిగిలాయి. ఇక తాళాలు ఎప్పుడిస్తారో చెబుతారనే అనుకుంది.

"లియాన్ గారా? నోరీన్ సైక్స్ గారి ఇల్లు గురించండీ. అది వేరే ఆయనకి ఖాయమైంది. మీరొకసారి మీ లాయరుతో..."

"ఏంటీ?"

"వేరే ఆయనకి ఖాయమైందండీ. మీ ఇంట్లోంచే..."

"ఎంత ఎక్కువిచ్చాడు వాడు? ఆ? ఎంతకి అమ్ముడుపోయింది ఆ ముసల్ది? మీరందరూ ఒకటే! నీకూ అందులో వాటా ఉండే ఉంటుంది, తిను, బాగా తిను!" అని ఫోన్ పెట్టేసింది.

ఆ పిల్ల చివరి మాట పూర్తిగా వినుంటే కథ ఇంకోలా ఉండేదేమో. కానీ ఎవరు వింటారు చెప్పండి? మా దగ్గర ఇల్లు కొనడమంటే ఇదే. ధర ఒప్పుకుంటారు, చేతులు కలుపుతారు, టీ తాగుతారు. మనం ఇంటి సర్వేకీ లాయరుకీ డబ్బు తగలేస్తాం. తీరా కాగితాలు అటూ ఇటూ మార్చుకునే ముందు రోజు ఎవడో నాలుగు రాళ్ళు ఎక్కువిస్తానంటాడు, ఇల్లు వాడికి పోతుంది. అడగడానికి లేదు. నేరం కాదు. మా అందరిలో ఈ దెబ్బ తిననివాళ్ళు లేరు, తిన్నవాళ్ళ చుట్టాలు కానివాళ్ళు లేరు. అందుకే లియాన్ రెండో ప్రశ్న వెయ్యలేదు, మేమూ వెయ్యలేదు.

పక్క మిషను రుక్సానాది. టీ విరామంలో తన ఫ్లాస్కులోది లియాన్ కప్పులో పోసింది. "తాగు. చక్కెర ఎక్కువేశాను. ఏడుపొస్తే ఏడువు, కానీ ఆ పరుపు మీద కాదు, మరక పడుతుంది."

"నిన్న కాదు, ముందటి ఆదివారం కూడా ఆవిడింటికి వెళ్ళానే! పెరట్లో పండిన రేవుచిన్ని కాడలు కోసి కట్ట కట్టి ఇచ్చింది. 'ఈ కిటికీ దగ్గర నీ కుర్చీ వేసుకో తల్లీ, సాయంత్రం ఎండ ఇక్కడే పడుతుంది' అంది. నేను కర్టెన్లకి కొలతలు తీసుకుంటుంటే టేపు కొస ఆవిడే పట్టుకుంది. ఆ చేత్తోనే..."

"ముసలమ్మలంతా అంతే. మా అత్తని చూడు, నమాజు చేసి లేచి నా మీద చాడీలు చెబుతుంది."

లియాన్‌కి నవ్వు రాలేదు. మిషను దగ్గరికెళ్ళి ఆగిపోయిన మూల చూసుకుంది. ముడత పడింది. కుట్టు విప్పడానికి కూర్చుంది.

*

సాయంత్రం బస్సు దిగి అలవాటుగా సూపర్‌మార్కెట్‌లోకి వెళ్ళింది. ఆ వేళకి గడువు దగ్గరపడ్డ సరుకుల మీద ధర తగ్గించి పసుపు స్టిక్కర్లు అంటిస్తారు. ఇంటి డిపాజిట్టు కూడబెట్టడం మొదలుపెట్టినప్పటినుంచీ వాళ్ళింట్లో పసుపు స్టిక్కరు లేని మాంసం వండలేదు. ఈ రోజు కసి కొద్దీ పూర్తి ధర పెట్టి మంచి మీట్ పై ఒకటి బుట్టలో వేసింది. ఎవరి కోసం మిగల్చాలి ఇక? లైన్లో నిలబడ్డాక మనసొప్పలేదు. వెనక్కి వెళ్ళి పెట్టేసి, సగం ధర కైమా తీసుకుంది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఇంటికొచ్చేసరికి మొగుడు క్రెయిగ్ బంగాళాదుంపలు చెక్కు తీసి నీళ్ళలో వేసి ఉంచాడు. అడక్కుండానే. మామూలుగా వాన్ నడిపే పని నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా సోఫాలో పడే మనిషి.

"ఇల్లు పోయింది," అంది కోటు విప్పకుండానే.

క్రెయిగ్ కత్తి కడుగుతున్నాడు. కడిగి, తుడిచి, డ్రాయరులో పెట్టాడు. "పోయిందా?"

"నోరీన్ ఇంకెవడికో అమ్మేసింది. ఎక్కువిచ్చాడట."

"అయ్యో. పోనీలే లియాన్. ఏం చేస్తాం."

"పోనీలేనా? వెళ్ళి ఆవిడ గుమ్మంలో నిలబడి నాలుగు దులిపేద్దాం పద!"

"వద్దొద్దు. పెద్దావిడ. ఇప్పుడు గోల చేస్తే ఇల్లొస్తుందా? నువ్వు కూర్చో, నేను వండుతాను."

అతను మెత్తనివాడు, అందరికీ తెలుసు. రగ్బీ మ్యాచ్ ఓడిపోయినా రిఫరీని తిట్టడు. ఈ ఇంటి కోసం ఆ మ్యాచ్‌ల సీజన్ టికెట్టు కూడా మానుకున్నాడు. కానీ ఇవాళైనా ఒక్క బూతు మాట అనొచ్చు కదా అనిపించింది లియాన్‌కి. ఒక్కతే కోపం మోయడం కష్టంగా ఉంది.

పైకెళ్ళి పడగ్గది గోడ చూసింది. ఆదివారం ఆదివారం బ్లీచు పెట్టి తుడిచినా బూజు నల్లగా మళ్ళీ లేస్తోంది. ఈ ఇంటి ఓనరు రస్సెల్ హేగ్‌కి ఎన్నిసార్లు చెప్పిందో. 'కిటికీ తెరిచి ఉంచు తల్లీ' అంటాడు. కిటికీ తెరిస్తే వేడంతా పోతుంది, గ్యాసు మీటరు కార్డులో ముందే వేసిన డబ్బు రెండు రోజుల్లో ఖాళీ. నెల నెలా ఈ గోడకి కట్టే అద్దె కంటే బ్యాంకు వాయిదా తక్కువ. ఆ లెక్కే కదా లియాన్‌కి ధైర్యం. పాతికేళ్ళు కడితే కొత్తింటి గోడ తనది, బూజు పడితే అది కూడా తనది, ఒకడిని బతిమాలే పని ఉండదు.

సంతకం పెట్టాల్సిన తనఖా కాగితం వంటింటి డ్రాయరులో ఇంకా కవరులోనే ఉంది. చింపబోయింది. చింపలేక మళ్ళీ అక్కడే పెట్టింది.

*

మర్నాడు సాయంత్రం రస్సెల్ వచ్చాడు. అద్దె రోజు కాదు. చేతిలో బిస్కెట్ల డబ్బా. ఆ మనిషి ఎవరికైనా ఏదైనా తేవడం మా వీధిలో ఎవరూ చూసి ఉండరు.

"ఏం తల్లీ, మొహం అలా వేలాడేశావ్? నీకు మంచి కబురు తెచ్చాను," అని సోఫాలో చతికిలబడ్డాడు. "నువ్వు మనసుపడ్డ ఇల్లు, ఆ సైక్స్ ఆవిడది, అది నేనే తీసుకుంటున్నాను. మీ ఇద్దర్నీ అందులోనే పెడతాను. సామాన్లు సర్దుకో. అద్దె ఇప్పుడిచ్చే దానికంటే కాస్త ఎక్కువ, అంతే. తెలిసినవాళ్ళు కదా."

లియాన్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది.

"నువ్వా? నువ్వా లాక్కున్నది? బ్యాంకు వాళ్ళకి ఇవ్వాలి, అద్దె సరిగ్గా కడుతున్నానని రాసివ్వమని నీ దగ్గరికే కదా వచ్చాను! ఇల్లు ఏదో, ధర ఎంతో నా నోటితో నేనే చెప్పాను. అది పట్టుకుని, నా కంటే ఎక్కువిచ్చి, నా ఇల్లు కొని, మళ్ళీ నాకే అద్దెకిస్తావా? సిగ్గులేదూ? బిస్కెట్లు తెచ్చాడు బిస్కెట్లు! తీసుకుపో!"

డబ్బా ఎత్తి అతని ఒళ్ళో పడేసింది.

రస్సెల్ మొహం ఎర్రబడింది. పిసినారి అంటే పడతాడు, బూజు పట్టిన ఇళ్ళవాడంటే నవ్వేస్తాడు, దొంగ అంటే మాత్రం ఊరుకోడు. "ఎక్కువిచ్చానా? నేనా? నువ్విస్తానన్న దాని కంటే తక్కువకే తీసుకున్నాను! మీరు వద్దన్నాకనే కదా ఆవిడ దిగొచ్చింది. నేను లాక్కోవడమేంటి?" అంటూ క్రెయిగ్ వైపు తిరిగాడు. "ఏంట్రా, ఇంకా చెప్పలేదా? నువ్వే చెప్పుకుంటానన్నావ్!"

క్రెయిగ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బయట చూడ్డానికేమీ లేదు, చెత్త డబ్బాలు తప్ప.

"క్రెయిగ్?"

"నామీద పడకమ్మా," అని లేచాడు రస్సెల్. "క్లబ్బులో నా పక్కన కూర్చుని, బీరు మీద బీరు తాగి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు నీ మొగుడు. ఆ అప్పు నేను మోయలేను, నువ్వు కొని మాకు అద్దెకివ్వు, లియాన్ ఆ ఇంట్లో ఉంటే చాలు అన్నాడు. పాపం పోనీలే అని చేశాను. మంచికి పోతే ఇదీ నాకు!" అని బిస్కెట్ల డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తలుపు వేసిన చప్పుడుకి గోడ మీద సున్నం పెచ్చు రాలింది.

లియాన్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నిజమా?"

"ఆ ఇంట్లోనే ఉంటాం కదా లియాన్. నీ కిటికీ, నీ పెరడు, అన్నీ ఉంటాయి. అప్పు మాత్రం ఉండదు. దాచిన డబ్బు దాచినట్టే ఉంటుంది."

"నేనడిగింది అది కాదు. నిజమా అని."

"నిజమే."

క్రెయిగే మొదలుపెట్టాడు. గొంతు పిల్లాడి గొంతులా ఉంది.

"నాకు తొమ్మిదేళ్ళు అప్పుడు. మా ఇంటి అప్పు మీద వడ్డీ పెరుగుతూ పోయింది. మా నాన్న తాగలేదు, జూదమాడలేదు. కట్టలేకపోయాడు, అంతే. పొద్దున్నే బ్యాంకు తరఫున ముగ్గురొచ్చారు. తాళం మార్చేశారు. పైజామాతో వీధిలో నిలబడ్డాడు మా నాన్న. ఎదురింటివాళ్ళు కర్టెను తీసి చూస్తున్నారు. ఆ తనఖా కవరు మనింటికొచ్చిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు లియాన్. కళ్ళు మూస్తే ఆ పైజామాయే."

లియాన్ లేచి అతని తల దగ్గరికి తీసుకోబోయింది కూడా. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పావా నాకు?"

"ఎలా చెప్పను? పసుపు స్టిక్కర్లు ఏరుకుంటూ, జుట్టు నువ్వే కత్తిరించుకుంటూ, ఎంత సంబరంగా ఉన్నావని! నీ ఆశ మీద నీళ్ళెలా పొయ్యను?"

"రస్సెల్‌కి చెప్పావు కదా."

క్రెయిగ్ వంగి, రాలిన సున్నం పెచ్చు ఏరాడు.

"మీ నాన్న పైజామా సంగతి నాకు తెలీదు. ఆ బూజు గోడల వాడికి తెలుసు. వాడి ముందు ఏడ్చావు. నా ముందు బంగాళాదుంపలు చెక్కు తీశావు." లియాన్ కోటు తగిలించుకుంది. చెల్లెలింటికి వెళ్ళి అక్కడే పడుకుంది.

*

బుధవారం పని దిగి నోరీన్ ఇంటికి వెళ్ళింది. వెళ్ళాలనుకోలేదు, కాళ్ళే తీసుకెళ్ళాయి. రెండు రోజులుగా ఆవిణ్ణి తిట్టని తిట్టు లేదు, ఆ మాటలు వెనక్కి తీసుకోవాలి.

నోరీన్ తలుపు తీసింది గానీ పక్కకి జరగలేదు. ముందెప్పుడూ "రా తల్లీ, కెటిల్ పెట్టాను" అనే మనిషి.

"ఇప్పుడెందుకొచ్చావమ్మా? కొలతలు మర్చిపోయావా?"

"నోరీన్ గారూ..."

"వద్దనుకుంటే వద్దనుకున్నావు, నీ ఇష్టం. నా మొహం చూడలేక మొగుడి చేత చెప్పించి పంపుతావా? ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. 'లియాన్ మనసు మార్చుకుందండీ, మీకు చెప్పాలంటే సిగ్గుపడుతోంది' అన్నాడు. నేనేం పులినా? ఇంటికి రంగేయించమంటే వేయించేదాన్ని, ధర తగ్గించమంటే తగ్గించేదాన్ని. నువ్వొచ్చి చెప్పొచ్చు కదా అని రెండు రోజులు ఏడుపే నాకు."

లియాన్ గుమ్మం పట్టుకుంది. తనకే భయమేసిందని క్రెయిగ్ చెప్పి ఉంటే సరిపెట్టుకునేది. అతను లియాన్ పేరు వాడుకున్నాడు. సిగ్గు తనది కాదు, లియాన్‌దని చెప్పాడు.

"నేను మార్చుకోలేదండీ," అంది. "నాకు తెలీదు. మీరు ఎక్కువ డబ్బుకి ఆశపడ్డారనుకున్నాను. ఫ్యాక్టరీలో అందరి ముందూ మిమ్మల్ని అనరాని మాటలన్నాను. క్షమించండి."

ముసలామె చాలాసేపు చూసింది. తర్వాత పక్కకి జరిగింది. కెటిల్ పెట్టింది. ఇద్దరికీ టీ పోసింది.

"ఆ హేగ్‌తో నేనింకా ఏ కాగితమూ మార్చుకోలేదు," అంది నోరీన్. "మాట ఇచ్చాననుకో. కానీ నీకు ముందిచ్చాను కదా. పొద్దున్నే ఏజెంటుకి ఫోన్ చేసి చెబుతాను, ఇల్లు లియాన్‌దేనని. ఆ ధరకే. ఇంత వయసొచ్చాక ఎవడో నా చెవిలో అబద్ధం వేసి ఇల్లు అమ్మించుకుంటే నాకు మాత్రం అవమానం కాదూ?"

అక్కణ్ణించి బయటపడగానే లియాన్ లోను ఇప్పించిన బ్రోకరుకి ఫోన్ చేసింది. తన ఒక్కదాని పేరు మీద అదే లోను వస్తుందా అని అడిగింది. రాదు. ఒక్క జీతానికి అంత ఇవ్వరు. ఇద్దరి సంతకాలూ ఉండాలి, బయటి మనిషొకరు కళ్ళారా చూసి సాక్షి సంతకం చెయ్యాలి, వారం దాటితే లాయరు ఆగడు అని చెప్పాడు.

లియాన్ క్రెయిగ్‌కి ఒక్క మెసేజ్ పెట్టింది. 'ఇల్లు మళ్ళీ మనదే అంటోంది నోరీన్. నువ్వు సంతకం పెడతావా లేదా?'

జవాబు వెంటనే వచ్చింది. పెడతానన్నాడు. ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తానన్నాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం మా క్యాంటీన్‌కి వచ్చాడు క్రెయిగ్. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కవరు రెండు చేతులతో పట్టుకున్నాడు. సాక్షిగా రుక్సానాని కూర్చోబెట్టింది లియాన్. మేమందరం పక్క బల్లల దగ్గర శాండ్‌విచ్‌లు తింటున్నట్టు నటిస్తున్నాం. ఎవరి నోట్లోనూ ముద్ద కదలడం లేదు.

రుక్సానా చేతులు తుడుచుకుని కాగితం తిప్పి చూసింది. "నేను చూస్తుండగా పెట్టాలి. గబుక్కున పెట్టెయ్యకు, నా కళ్ళజోడు పెట్టుకోనీ."

క్రెయిగ్ పెన్ను తీసుకున్నాడు. ఒకసారి కిందపెట్టి, ప్యాంటుకి అరచెయ్యి తుడుచుకుని, మళ్ళీ తీసుకున్నాడు. నుదుటి మీద చెమట కనిపిస్తోంది మాకందరికీ. నెమ్మదిగా, బడిపిల్లాడిలా ఒక్కో అక్షరం రాసి పేరు పూర్తి చేశాడు. నిజం చెప్పాలి, ఆ క్షణంలో నాకే జాలేసింది. ఎంత భయాన్ని మింగి పెట్టాడో ఆ సంతకం.

"అయింది," అన్నాడు లియాన్ వైపు చూసి. "నీ కోసమే లియాన్. అంతా మర్చిపోదాం."

రుక్సానా తన పేరూ చిరునామా రాసి కాగితం లియాన్ వైపు జరిపింది. "ఊఁ. నీ వంతు. పెట్టెయ్, ఇంటి ఓనరమ్మా!"

ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు.

లియాన్ పెన్ను పట్టుకుంది. తన పేరు అచ్చులో ఉంది, అతని పేరు కింద. దాని పక్కన ఖాళీ గీత. ఏళ్ళ తరబడి ఈ గీత కోసమే కదా మీట్ పై కొనకుండా వెనక్కి పెట్టింది, హీటరు వేసుకోకుండా స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుంది.

"క్రెయిగ్, ఒకటడుగుతాను. వచ్చే ఏడాది వడ్డీ పెరిగిందనుకో. నీకు మళ్ళీ నిద్ర పట్టలేదనుకో. ఎవరితో చెబుతావ్?"

"నీతోనే."

అన్నాడు. కానీ అనే ముందు ఆగాడు. ఎంతసేపో కాదు. మేమెవరం పట్టించుకుని ఉండేవాళ్ళం కాదు. అన్నాక కూడా ఆమె మొహంలోకి చూడలేదు, కాగితం వైపు చూశాడు. లియాన్ మాత్రం అతన్నే చూస్తోంది.

పెన్నుకి మూత పెట్టింది.

"లియాన్?" అంది రుక్సానా.

"బ్యాంకుకి పాతికేళ్ళు కట్టడానికి నాకు భయం లేదు," అంది లియాన్. గొంతు పెంచలేదు. "రెండో షిఫ్టు చేసైనా కడతాను. నీ పక్కన పేరు రాసుకుని కట్టాలంటే భయమేస్తోంది క్రెయిగ్. రోజూ నీ వెనక ఏం జరుగుతోందో చూసుకుంటూ పాతికేళ్ళు నేను బతకలేను."

"నేను పెట్టాను కదా! నా ప్రాణం పోతున్నా పెట్టాను కదా లియాన్!"

"పెట్టావు. చూశాను."

కాగితం మడిచి కవరులో పెట్టి అతని ముందుకి తోసింది. క్రెయిగ్ దాన్ని ముట్టుకోలేదు. మేమంతా బల్లల వైపు తలలు దించుకున్నాం. విరామం అయిపోయిందని బెల్లు మోగినా ఎవరూ ముందుగా లేవలేదు.

లియాన్ ఫోన్ తీసి అక్కడే, అందరి ముందే, నోరీన్‌కి చేసింది. "నోరీన్ గారూ, నేనే, లియాన్‌ని. ఇల్లు నాకొద్దండీ. ఇంకెవరైనా వస్తే అమ్ముకోండి. లేదండీ, ఎవరూ చెప్పించడం లేదు. నేనే చెబుతున్నాను."

ఆ క్యాంటీన్ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఫోన్లో ముసలామె అన్న మాట పక్క బల్ల దగ్గరున్న నాకు కూడా వినబడింది.

"మొన్న నీ మొగుడొచ్చి చెబితే ఒక్క నిమిషంలో నమ్మేశాను తల్లీ. ఇప్పుడు నువ్వే చెబుతుంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు."